నిరంకుశత్వం వేరు, దొరతనం వేరు

చెడ్డ పాలనకు గ్రీకు భాషలో రెండు మాటలున్నాయి. ఇంగ్లీషు చదువుకున్న మన పిల్లలు వాటినే టిరనీ, డెస్పాటిజం అంటారు. తెలుగులో సాధారణంగా ఈ రెంటినీ కలిపి 'నిరంకుశత్వం' అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం. పత్రికలవారికి కోపం వస్తే నిరంకుశుడంటారు, ఇంకాస్త కోపం వస్తే నియంత అంటారు. రెండూ చెడ్డవే కదా, మాటలు కలిసిపోతే వచ్చిన నష్టమేమిటని పాఠకులు అడగవచ్చు. రెండూ చెడ్డవే. కాని మలేరియాలోనూ జ్వరమే వస్తుంది, టైఫాయిడులోనూ జ్వరమే వస్తుంది. అలాగని రెంటికీ ఒకే మందు రాసే డాక్టరు దగ్గరకు మనం బిడ్డను తీసుకుపోము.

మొదటి మాట 'తురన్నోస్'. ఇది మొదట్లో తిట్టు కాదు. వంశహక్కు లేకుండా సింహాసనం ఎక్కినవాడని మాత్రమే దీని అర్థం. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో ఏథెన్సు నగరాన్ని పెసిస్ట్రాటస్ అనేవాడు టక్కరితనంతో చేజిక్కించుకున్నాడు. అయినా మెత్తగానే ఏలాడని గ్రంథాలు చెబుతున్నాయి. ప్లేటో, అరిస్టాటిల్ వచ్చిన తరువాతనే ఈ మాటకు ఈనాటి చేదు అంటుకుంది. అపోస్తలుల కార్యములలో పౌలుగారు ఎఫెసు పట్టణంలో తురన్ను అనేవాని పాఠశాలలో రెండేళ్లు బోధించారని చదువుతాం (19:9). అది తల్లి పెట్టిన పేరో, బడిపిల్లలు పెట్టిన మారుపేరో దేవునికే తెలియాలి.

రెండవ మాట 'దెస్పోతేస్'. ఇంటి యజమాని అని అర్థం. ఇది మనకు దూరపు చుట్టం కూడా. వేదకాలపు సంస్కృతంలో ఇంటి యజమానిని 'దంపతి' అన్నారు. పండితులు ఈ రెండు మాటలకూ ఒకే మూలమని చెబుతారు. మన దగ్గర అది కాలక్రమంలో 'దంపతులు' అయింది, అంటే ఇంటికి యజమానులు ఇద్దరని. గ్రీకువారి దగ్గర మాత్రం యజమాని ఒక్కడే మిగిలాడు, తక్కినవారిలో ఎక్కువమంది బానిసలు. బాలయేసును చేతుల్లోకి తీసుకొని వృద్ధుడైన సిమియోను దేవుణ్ణి పిలిచిన పిలుపు కూడా ఈ మాటే. గ్రీకు క్రైస్తవులు ఈనాటికీ తమ మేత్రాణులను ఆరాధనలో 'దెస్పోతా' అని సంబోధిస్తారు. ఆ సంగతికి చివర్లో మళ్లీ వద్దాం.

తెలుగులోనూ రెండు మాటలు లేకపోలేదు, మనం వాటిని వేరుచేసి వాడుకోలేదంతే. అంకుశమంటే మావటివాని చేతిలో ఉండే ఇనుప కొంకి. అంకుశానికి లొంగని ఏనుగు నిరంకుశం. ఈ మాటలోనే ఒక ఒప్పుకోలు ఉంది: అంకుశం అనేదొకటి ఉంది, ఏనుగు దానికి లోబడి ఉండవలసింది, లోబడలేదు. కవులు నిరంకుశులని సంస్కృత పండితులు మెచ్చుకుంటూ అన్నది కూడా వ్యాకరణం అనే అంకుశం ఉందని తెలిసే. ఇక దెస్పోతేస్‌కు సరిపోయే తెలుగుమాట 'దొర'. పాత చెన్నపట్నం రాజధానిలో ప్రభుత్వాన్ని 'దొరతనమువారు' అనే రాసేవారు. పన్ను వేసేదీ దొరతనమువారే, కరువులో గంజికేంద్రం తెరిచేదీ దొరతనమువారే. ఈ వ్యాసంలో టిరనీని నిరంకుశత్వమనీ, డెస్పాటిజాన్ని దొరతనమనీ అంటాను.

తేడా తెలియాలంటే పవిత్ర గ్రంథంలోని రెండు కథలను పక్కపక్కన పెట్టి చదవాలి. మనం వాటిని వేర్వేరు ఆదివారాల్లో వింటాం గనుక కలిపి చూసే అలవాటు లేదు.

మొదటిది నాబోతు ద్రాక్షతోట (1 రాజులు 21). అహాబు రాజు తన మేడ పక్కనున్న తోట కూరగాయలకు బాగుంటుందని అడుగుతాడు. బెదిరించలేదు. ఇంతకంటే మంచి తోట ఇస్తాను, లేదా వెల కట్టి ఇస్తానన్నాడు. నాబోతు ఇవ్వనన్నాడు, అది తన పితరుల స్వాస్థ్యం. అప్పుడు రాజు ఏం చేశాడు? ఇంటికి వెళ్లి మంచమెక్కి, గోడవైపు తిరిగి, అన్నం మానేశాడు! చిన్నపిల్లవాడిలా అలిగిన రాజును చూసి మనకు నవ్వు వస్తుంది. కాని ఆ అలకలో ఎంత గొప్ప సంగతి దాగి ఉందో చూడండి. యిస్రాయేలులో రాజు కూడా రైతు చేతిలోని తోటను ఊరికే తీసుకోలేడు. అతని మీద కూడా ధర్మశాస్త్రం అనే అంకుశం ఉంది. సీదోను రాజు కూతురైన యెసెబెలుకు ఇది అర్థం కాలేదు. రాజువు నువ్వా, నాబోతా అన్న ధోరణిలో భర్తను ఎత్తిపొడిచింది. తరువాత జరిగినదంతా నిరంకుశత్వం. రాజముద్రతో దొంగ ఉత్తరాలు, ఇద్దరు కూటసాక్షులు, దేవదూషణ నేరం, రాళ్లతో చంపడం. గమనించండి, హత్యకు కూడా ఉపవాసదినం చాటించి, సాక్షులను పెట్టి, న్యాయవిచారణ వేషం వేయవలసి వచ్చింది. చట్టం బ్రతికి ఉన్న చోటనే దాన్ని దొంగచాటుగా చంపాలి. తోటలో అడుగుపెట్టిన అహాబుకు ఏలీయా ఎదురుపడ్డాడు. హత్య చేసి, ఆపైన సొత్తు కూడా కాజేశావా అని నిలదీశాడు.

రెండవది ఐగుప్తు కరువు (ఆదికాండము 47). ఇది యోసేపు కథ చివర్లో వస్తుంది. అన్నదమ్ములు కలుసుకున్నారన్న ఆనందంలో మనం ఈ భాగాన్ని తొందరగా దాటేస్తాం. పంటలు బాగా పండిన ఏడేళ్లూ ఐదవ వంతు ధాన్యం సర్కారు గాదెల్లోకి చేరింది. తరువాత కరువు వచ్చింది. ప్రజలు మొదట డబ్బు ఇచ్చి ధాన్యం కొన్నారు. డబ్బయిపోయాక పశువులను ఇచ్చారు. మరుసటి ఏడు వచ్చి, ఇక మా దగ్గర మా ఒళ్లు, మా పొలాలు తప్ప ఏమీ లేవు, వాటినే తీసుకొని ఫరోకు మమ్మును దాసులుగా చేసుకోమన్నారు. యోసేపు దేశంలోని భూమినంతా ఫరో పేర కొన్నాడు. విత్తనాలిచ్చాడు. ఇకమీదట పంటలో ఐదవ వంతు ఫరోది, నాలుగు వంతులు మీవి అన్నాడు. ప్రజలు ఏమన్నారు? మా ప్రాణాలు నిలబెట్టావు, ఫరోకు దాసులమై ఉంటాం అని కృతజ్ఞతలు చెప్పారు. ఎవరి పొలంలో పండిన ధాన్యం ఎవరికి అమ్మారన్న ప్రశ్న ఒక్కరికీ రాలేదు. (పూజారుల భూములు మాత్రం కొనలేదు, వారికి ఫరో ఇచ్చే బత్తెం ఉంది కనుక. గురువులమైన మేము ఆ వచనం దగ్గర కాస్త ఆగి ఆలోచించడం మంచిది.)

నేను యోసేపును తప్పుపట్టడం లేదు. అతడు లేకపోతే వారు ఆకలితో చచ్చేవారు. గ్రంథం కూడా అతణ్ణి నిందించలేదు. కాని ఆ ఒప్పందం తరువాత ఐగుప్తులో నాబోతు పుట్టలేడు. ఇవ్వను అనడానికి అతనికంటూ ఒక తోట ఉండాలి కదా? ఫరో అలగనక్కరలేదు, కూటసాక్షులను వెదకనక్కరలేదు, అంతా ముందే ఆయనది. ఇదీ దొరతనం. ఇందులో కొరడా లేదు, రక్తం లేదు, పైగా కన్నీళ్లతో కూడిన కృతజ్ఞత ఉంది. ఆ పుస్తకం ముగిసి నిర్గమకాండము మొదలయ్యేసరికి, యోసేపును ఎరుగని కొత్త రాజు వచ్చాడు. ఈసారి కొరడా వచ్చింది, నదిలో మగబిడ్డలను పారవేయమన్న ఆజ్ఞ వచ్చింది. ఆ కొత్త రాజుకు అడ్డుచెప్పగల మనుషులు ఐగుప్తులో ఎందుకు లేరంటే, వారు తమను తాము ఎప్పుడో రాసిచ్చేశారు. అడ్డుచెప్పింది ఇద్దరు మంత్రసానులు మాత్రమే.

అరిస్టాటిల్ ఈ తేడాను తన 'రాజనీతి'లో విప్పి చెప్పాడు. ఇష్టం లేని ప్రజల మీద, తన లాభం కోసం చేసే పాలన నిరంకుశత్వం. యజమాని బానిస మీద చేసేది మరొక రకం. అదీ ముఖ్యంగా యజమాని లాభం కోసమే. కాని బానిస చచ్చిపోతే యజమానితనమే ఉండదు గనుక, యజమాని బానిసను పోషిస్తాడు. కొన్ని దేశాల్లో రాజులు ఈ రకంగానే ఏలుతారు, అది వంశపారంపర్యంగా, చట్టబద్ధంగా వస్తుంది, జనం దాన్ని కష్టమనుకోరు అన్నాడు. ఇంతవరకు ఆయన పరిశీలన సూదిమొనలా ఉంది. ఆ తరువాత, ఆసియా ప్రజలు గ్రీకులకంటే స్వభావరీత్యా బానిసలు కాబట్టి అలా సహిస్తారని చేర్చాడు! గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినవారందరికీ అరిస్టాటిల్ మీద గౌరవం ఉంటుంది, నాకూ ఉంది. కాని ఈ మాట దగ్గర ఆయన ఆసియావాడు కాకపోవడమే ఆయనచేత అలా రాయించింది. దేవుని పోలికలో సృష్టింపబడినవారిలో పుట్టు బానిసలు లేరు.

పునీత తోమాసు అక్వినాసు అరిస్టాటిల్‌ను దిద్దిన తీరు అందంగా ఉంటుంది. ఆయన ఒక వింత ప్రశ్న వేసుకుంటాడు: ఆదాము పాపం చేయకపోయి ఉంటే, ఏదెను తోటలో మనిషి మీద మనిషికి అధికారం ఉండేదా? ఉండేది, కాని ఒక రకమైనదే అంటాడు. ఒకరిని తన అవసరానికి వాడుకునే అధికారం పాపం వల్ల వచ్చిన శిక్ష, అది అక్కడ ఉండేది కాదు. స్వతంత్రులను వారి మేలుకు, లేక అందరి మేలుకు నడిపించే అధికారం మాత్రం ఉండేది, ఎందుకంటే మనిషి సంఘజీవి. అంటే ఏలడం పాపం కాదు, ఏలబడడం అవమానం కాదు. స్వతంత్రుడెవరు అంటే, తన కోసం తాను ఉన్నవాడు. మరొకరి కోసం మాత్రమే ఉన్నవాడు బానిస. సైప్రసు రాజు కోసం రాసిన గ్రంథంలో ఆయన మరో మాట కూడా అన్నాడు: భయంలో పెరిగిన మనుషుల మనసు కుంచించుకుపోతుంది, గొప్ప పని ఏదీ తలపెట్టలేరు.

ఇప్పుడు కఠినమైన ప్రశ్న. దొర మంచివాడైతే? ప్రజలకు నిజంగా మేలే చేస్తుంటే అప్పుడు కూడా తప్పేనా?

ఐరోపా చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ మన కతోలిక చక్రవర్తే, ఆస్ట్రియాకు చెందిన రెండవ జోసఫ్. 1780 నుండి 1790 వరకు ఒంటరిగా ఏలాడు. 1781లో రైతుల కట్టుబానిసత్వాన్ని రద్దు చేశాడు. అదే ఏడు ప్రొటెస్టెంట్లకు ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చాడు. రోజంతా కష్టపడి పనిచేసేవాడు. దుర్మార్గుడనడానికి వీలులేదు. అయితే జనం కోసం అన్నీ తానే నిర్ణయించాడు. ధ్యానజీవితం గడిపే మఠాలు 'ఉపయోగం లేనివి' అని వందలాదిగా మూయించాడు. పూజలో పీఠం మీద ఎన్ని కొవ్వొత్తులు వెలగాలో కూడా శాసనం చేశాడు. 1782లో పోపు ఆరవ భక్తినాథులు స్వయంగా వియన్నాకు వెళ్లి మాట్లాడినా పెద్దగా ఫలితం లేకపోయింది. 1784లో శవపేటికలకు కలప వృథా అవుతోందని, అడుగున తలుపు తెరుచుకునే పెట్టె ఒకటి పెట్టి, శవాన్ని గోతిలోకి జార్చి, పెట్టెను మరొకరికి వాడాలన్నాడు. తండ్రిని గోనెసంచిలో పూడ్చమన్న రాజు ఎంత మంచివాడైతే ఏం? జనం తిరగబడితే మరుసటి ఏడు వెనక్కి తీసుకున్నాడు. చనిపోయే ముందు, 1790 జనవరిలో, హంగేరీలో తాను చేసిన సంస్కరణల్లో ఎక్కువ భాగాన్ని తానే రద్దు చేసుకున్నాడు. ఆయన చట్టాల్లో మంచివి చాలా ఉన్నాయి. ఆ మంచి గురించి అడిగి తెలుసుకోదగిన మనుషులు తన రాజ్యంలో ఉన్నారని మాత్రం ఆయనకు తోచలేదు.

మన దేశం మీదా ఈ పాఠం నడిచింది. స్వేచ్ఛ గురించి 1859లో ప్రసిద్ధమైన గ్రంథం రాసిన జాన్ స్టూవర్ట్ మిల్, అదే గ్రంథంలో, అనాగరిక జాతులను బాగుచేసే ఉద్దేశం ఉంటే వారిని ఏలడానికి డెస్పాటిజం సబబైన పద్ధతే అని ఒప్పుకున్నాడు. ఆయన ఉద్యోగం ఏమిటనుకున్నారు? 35 ఏళ్లు లండనులో ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో. మన తాతలు 'దొరతనమువారు' అని రాసినప్పుడు పొరపాటుపడలేదన్నమాట, యజమానులు తమకు తాము పెట్టుకున్న పేరునే తెలుగు చేశారు.

ప్రభువుకు ఈ సంగతి బాగా తెలుసు. కడరా భోజనవేళ శిష్యులు ఎవరు గొప్ప అని తగవులాడుతుంటే, అన్యుల రాజులు జనం మీద పెత్తనం చేస్తారని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. ఆ పెత్తందారులే 'ఉపకారులు' అని పిలిపించుకుంటారని కూడా అన్నాడు (లూకా 22:25). ఐగుప్తును ఏలిన గ్రీకు రాజుల్లో ఇద్దరికి 'ఉపకారి' అన్నది నిజంగా బిరుదే. మీరు అలా ఉండవద్దన్నప్పుడు, చెడ్డ రాజుల్లా ఉండవద్దన్నది మాత్రమే ఆయన భావం కాదు. ఉపకారం చేసి, ఆ ఉపకారంతో మనిషిని కొనుక్కునే రాజుల్లా కూడా ఉండవద్దన్నాడు.

1975 జూన్ 25 నుండి 1977 మార్చి 21 వరకు నడిచిన అత్యవసర పరిస్థితిని మన తరం వారు మరిచిపోలేదు. రైళ్లు వేళకు నడిచాయన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అరెస్టులు, పత్రికల మీద సెన్సారు నిరంకుశత్వపు వైపు. నాకు అంతకంటే భయం కలిగించేది 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. విచారణ లేకుండా జైల్లో పెట్టిన మనిషి తన నిర్బంధం అక్రమమని కోర్టుకు వెళ్లవచ్చా అన్నది ప్రశ్న. ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు వెళ్లలేడన్నారు. వారిలో జస్టిస్ బేగ్, ఖైదీల తిండీ వసతీ విషయంలో ప్రభుత్వం చూపుతున్న శ్రద్ధ దాదాపు తల్లి శ్రద్ధలాంటిదని తీర్పులో రాశారు. తల్లి! అహాబు కూడా నాబోతుతో ఆ మాట అనలేదు. ఒక్క జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా మాత్రం కాదన్నారు. 1977 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి బేగ్‌గారికి వెళ్లింది, ఖన్నా రాజీనామా చేశారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే 2017లో కొట్టివేసింది. 1977 ఎన్నికల్లో ఉత్తర భారతమంతా ఒకవైపు తీర్పు చెబితే, ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 పాలకపక్షానికే దక్కాయి, నంద్యాల ఒక్కటే తప్పింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఉత్తరాదిలో జరిగినన్ని అత్యాచారాలు ఇక్కడ జరగలేదు కూడా. ఓటర్లను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. దెబ్బ మన ఒంటి మీద పడనప్పుడు మనం చూసేది రైలు వేళలను మాత్రమే అన్నది నిజం.

రెండు జబ్బులకు రెండు మందులు అన్నాను. నిరంకుశత్వానికి మందు పాలకుడిని ఆపడం. తోమాసు అక్వినాసు ఈ విషయంలో జంకలేదు. నిరంకుశుణ్ణి తొలగించడం రాజద్రోహం కాదు, ప్రజల మధ్య చిచ్చుపెట్టే ఆ పాలకుడే అసలు ద్రోహి అన్నాడు. అయితే తొలగించడం వల్ల అంతకంటే ఎక్కువ హాని రాకూడదనీ, ఎవరికి వారు కత్తి పట్టకూడదనీ షరతులు పెట్టాడు. దొరతనానికి ఈ మందు చాలదు. దొరను తీసివేసినా ఆ ఇల్లు అలాగే ఉంటుంది. నిజాము ఏలుబడిలో తెలంగాణ పల్లెల్లో గడీలు, దేశ్‌ముఖులు, వెట్టిచాకిరి ఉండేవి. దొర ఎదుట చెప్పులు చేతబట్టుకొని, 'నీ బాంచెను, కాల్మొక్త' అనడం పలకరింపుగా మారిపోయింది. బాంచె అంటే దాసి. నేను నీ దాసిని అన్నది ఎవరో కొట్టి పలికించిన మాట కాదు, నోటికి అలవాటైపోయిన మాట. నిజాము రాజ్యం 1948 సెప్టెంబరులో ముగిసింది. ఆ మాట నోళ్లలోంచి పోవడానికి చాలా ఏళ్లు పట్టింది. కొన్ని చోట్ల మన మిషనరీ గురువులను కూడా పూర్వులు 'దొరగారు' అనే పిలిచారు. వారు బడులు, ఆసుపత్రులు కట్టారు, పొలాలు కొనిచ్చారు. ఆ పిలుపులో ప్రేమ ఉంది, గౌరవం ఉంది, ఐగుప్తు కృతజ్ఞత కూడా కొంత ఉంది.

ఫ్రెంచి పండితుడు తోక్‌విల్ 1840లోనే, ప్రజాస్వామ్యాల్లో రాబోయే ఒక మెత్తని అధికారానికి ఈ రెండు పాత పేర్లూ సరిపోవన్నాడు. అది తండ్రి అధికారంలా ఉంటుంది, కాని తండ్రి బిడ్డను పెద్దవాణ్ణి చేయాలని చూస్తాడు, అది ఎప్పటికీ బిడ్డగానే ఉంచాలని చూస్తుంది అన్నాడు. తండ్రులందరూ మొదటి రకమేనని ఆయన ఎందుకు అనుకున్నాడో తెలియదు. బహుశా మన వివాహ విచారణలు ఆయన చూడలేదు.

పెండ్లికి ముందు వధూవరులను వేర్వేరుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడం విచారణ గురువుల పని. బలవంతం వల్ల గాని, బయటినుండి కలిగించిన తీవ్రమైన భయం వల్ల గాని జరిగిన వివాహం చెల్లదని శ్రీసభ చట్టం (1103) చెబుతోంది. తండ్రి కొట్టి ఒప్పించిన సందర్భాలు కనిపెట్టడం అంత కష్టం కాదు, అమ్మాయి కళ్లే చెబుతాయి. కష్టమైనది మరొకటి. నీకు ఈ సంబంధం ఇష్టమేనా అమ్మా అంటే, 'నాన్నగారి ఇష్టమే నా ఇష్టం ఫాదర్' అంటుంది. నవ్వుతూనే అంటుంది. ఆ తండ్రి ఏనాడూ చెయ్యెత్తలేదు. డిగ్రీ దాకా చదివించాడు, తన కడుపు మాడ్చుకొని నగలు చేయించాడు. ఇది నాలుగవ ఆజ్ఞ నేర్పిన విధేయతే కావచ్చు, చాలా ఇళ్లలో నిజంగా అదే. కాని కొన్నిసార్లు తండ్రిని పక్కకు పిలిచి, మీ అమ్మాయి వద్దంటే ఏం చేస్తారు అని అడగాలి. నిరంకుశుడైన తండ్రికి దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది, కాళ్లు విరగ్గొడతానంటాడు. విధేయత నేర్పిన మంచి తండ్రి కాసేపు ఆలోచించి, సంబంధం వదులుకుంటానండి, ఏంచేస్తాం అంటాడు. మూడవ తండ్రికి ప్రశ్నే అర్థం కాదు. 'వద్దనడమేమిటి ఫాదర్?' అంటాడు. అతని ఇంట్లో నాబోతు పుట్టలేదు. అటువంటి చోట నా అభిప్రాయం ఏమిటంటే, వివాహ ప్రకటనలు ఒక వారం ఆపి, అమ్మాయితో కన్యస్త్రీలలో ఎవరైనా తీరుబాటుగా మాట్లాడడం మంచిది. ఇష్టమన్న మాటనే ఆమె రెండోసారి తనంతట తానుగా చెబితే దాని బరువు వేరు. ఇంటిఖర్చుకు ప్రతి రూపాయికీ భర్త ముందు చెయ్యిచాచే భార్య విషయం కూడా ఇటువంటిదే. లేదనకుండా ఇచ్చే భర్త ఉండవచ్చు. దంపతులు అన్న మాటకు యజమానులు ఇద్దరని అర్థం ఉందని ఆయనకు గుర్తుచేయాలి.

ఇక సిమియోను దగ్గరకు వద్దాం. మనుషుల మీద దొరతనం తప్పయితే, సిమియోను దేవుణ్ణి దెస్పోతేస్ అని ఎలా పిలిచాడు? యజమాని పాలన తన లాభం కోసం అని అరిస్టాటిల్ అన్నాడు కదా. సృష్టివల్ల దేవునికి కలిసివచ్చే లాభం ఏమీ లేదని తోమాసు అక్వినాసు జవాబు. ఆయన మనలను వాడుకోలేడు, ఎందుకంటే ఆయనకు లోటు లేదు. కనుక ఆయన ఒక్కడు యజమాని అయినా ఆయన ఇంట్లో బానిస ఉండడు. అదే పిలుపు మనిషికి చెందితే, ఆ మనిషికి లోటు ఉంది గనుక, ఆ లోటు మన బ్రతుకులతో పూడుతుంది. సిమియోను ఆ పిలుపుతో కోరిందేమిటో కూడా చూడండి. గ్రీకు మూలంలో అక్కడున్న క్రియకు విడిచిపెట్టడం, విడుదల చేయడం అని అర్థం. దాసుణ్ణి విడుదల చేసే యజమానిని అతడు స్తుతించాడు.

ఆ బాలుడే పెద్దవాడై, ఇక మిమ్మును దాసులని పిలువను, స్నేహితులని పిలుస్తానన్నాడు (యోహాను 15:15). కారణం కూడా చెప్పాడు: యజమాని ఏం చేస్తున్నాడో దాసునికి తెలియదు, తాను మాత్రం తండ్రి దగ్గర విన్నదంతా వారికి చెప్పేశాడు. చెప్పడం, లెక్క ఒప్పజెప్పడం, ఎందుకు చేస్తున్నామో వివరించడం, స్నేహితునికీ దాసునికీ మధ్య ఆయన పెట్టిన గీత అదే. ప్రతి విచారణలోనూ ఆర్థిక సలహాసంఘం ఉండాలని 1983 నాటి శ్రీసభ చట్టం (537) ఆజ్ఞాపించింది. గురువులు మందమీద ప్రభువుల్లా వ్యవహరించకూడదన్న పేతురుగారి మొదటి లేఖలోని మాటకు (5:3) ఇది చిన్న ఏర్పాటు అనుకుంటాను. సంఘం లెక్కలు చదివిన ఆదివారం పూజ ముగిసేసరికి పది నిమిషాలు ఆలస్యమవుతుంది. మీమీద మాకు నమ్మకముంది ఫాదర్, ఇవన్నీ మాకెందుకు అని గుడి బయట కొందరు ప్రేమగానే విసుక్కుంటారు. వారికి యోహాను సువార్తలోని ఆ వచనం తీసి చూపిస్తుంటాను.